మోకు కోసిన రోజు

మా ఆయన తాటిచెట్టు నడుమ ఆగిపోయిన రోజుతో మొదలుపెడతాను. తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం అది. మాది కల్వకుర్తి దగ్గర ఒక పల్లె. మా ఆయన అంజయ్య కల్లు గీసేవాడు, నేను అంగన్‌వాడీ టీచర్‌ని. సెంటర్ తెరిచే ముందు సద్ది ఇచ్చిపోదామని ఆ పొద్దున తాటివనానికి వెళ్లాను. ఆయన పైనుంచి దిగుతూ సగంలో ఆగాడు. నడుమును చెట్టుకు కలిపి పట్టి ఉంచే లావుపాటి తాడును మేం మోకు అంటాం. అది ఉంది కాబట్టి కింద పడలేదు.

"ఏందయ్యా, ఆడనే కూసుంటవా?" అని కింది నుంచి కేకేశాను.

"కాలు నా మాట ఇంటలేదే," అన్నాడు.

మా మరిది మల్లేశ్ పక్క చెట్టు దిగి వచ్చి, తన మోకు వేసుకుని ఎక్కి, అన్న కాళ్లను ఒక్కొక్కటిగా కిందికి జరుపుతూ దించాడు. నేల మీద నిలబడ్డాక చూశాను. ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్ని ఒకటి రుద్దుకుంటున్నాయి. చెయ్యి ఊరికే వేలాడుతుంటే వణుకు, కత్తి పట్టుకుంటే ఆగుతోంది. నాకు వింతగా అనిపించింది. మల్లేశ్‌కు మాత్రం నవ్వొచ్చింది.

"ఏం లేదు వదినె, నిన్న దుకాణంల రెండు సీసాలు ఎక్కువైనయ్," అన్నాడు.

మా పాలమూరు వైపు మనిషి వణికితే మొదట అనుమానించేది కల్లునే. చెట్టు కల్లు సంగతి వేరు. కొన్ని దుకాణాల కల్లులో మత్తుమందు కలుస్తుంది. అలవాటు పడ్డవాళ్లకు ఒక్కపూట అందకపోతే ఒళ్లంతా వణుకుతుంది, లేనివి కనిపిస్తాయి, ఎదురొచ్చినవాళ్లను కొడతారు. ఇది మాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ తెలిసిన సంగతే మమ్మల్ని ముంచింది.

నిజానికి అంతకు చాలా ముందు నుంచే ఆయన నిద్ర చెడింది. తెల్లవారుజామున నిద్రలోనే కాళ్లు విసిరేవాడు, పిడికిళ్లతో గాలిని గుద్దేవాడు. లేపబోతే ఒకసారి ఆ పిడికిలి నా మూతికి తగిలి పెదవి చిట్లింది. మర్నాడు సెంటర్‌కి పిల్లలను తెచ్చిన తల్లులు నా మొహం చూసి ఏమనుకున్నారో చెప్పక్కర్లేదు. మెలకువగా ఉండగా నా మీద ఏనాడూ చెయ్యెత్తని మనిషి. కల వచ్చిందట, కుక్కలు మీద పడ్డాయట. ఇద్దరం నవ్వుకుని ఊరుకున్నాం.

ఊళ్లో నరాల బలానికి సూదులు వేయించుకుంటూ దాదాపు ఏడాది గడిపాం. మా అబ్బాయి శ్రీకాంత్ చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పండక్కి వచ్చి, నాన్న కుడిచెయ్యి ఊపకుండా నడవడం చూసి, ఇక ఆగలేదు. హైదరాబాద్‌లో న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టర్ ముందు ఆయన్ని వరండాలో అటూ ఇటూ నడిపించాడు. వేళ్లు టకటకా కొట్టమన్నాడు. పేరు రాయమంటే, రాసేకొద్దీ అక్షరాలు చీమలంత అయిపోయాయి. ఎంఆర్ఐ తీయించాడు. నార్మల్ అని వచ్చింది.

"నార్మలంటే ఏం లేనట్టే గద సార్?" అన్నాను ఆశగా.

"వేరే జబ్బులు లేవని ఎంఆర్ఐ చెప్తుందమ్మా. ఇది చూసి పట్టుకోవాల్సిన జబ్బు. క్లినికల్ డయాగ్నసిస్ అంటాం. ఈయనకు పార్కిన్సన్స్ డిసీజ్. మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతోంది," అన్నాడు. నిద్రలో తన్నుకోవడం గురించి చెబితే, "ఆర్ఈఎం స్లీప్ బిహేవియర్ డిజార్డర్. చాలామందికి వణుకు కంటే ఏళ్ల ముందే వస్తుంది," అని రాసుకున్నాడు. చెట్టు ఎక్కడం బంద్, కల్లు బంద్ అన్నాడు. లెవోడోపా మాత్రలు, వణుక్కి ట్రైహెక్సిఫెనిడిల్ రాశాడు.

మాత్రలు పనిచేశాయి. చాలా ఏళ్లు బాగానే పనిచేశాయి. చెట్టు ఎక్కలేకపోయినా పొద్దున్నే వనానికి పోయి, మల్లేశ్‌కు ఏ చెట్టు ఎప్పుడు గీయాలో కింద నిలబడి చెప్పేవాడు. ప్రతి చెట్టూ ఆయనకు మనిషి లెక్క. ఇది మొండిది, అది పొద్దుతిరిగాక ఇస్తది అనేవాడు. దుకాణం వైపు మాత్రం వెళ్లనిచ్చేదాన్ని కాదు. నా నోటికి భయపడి ఆయనా వెళ్లేవాడు కాదు.

కరోనా పోయిన తర్వాత మెల్లగా వేరే మార్పు మొదలైంది. లెక్క చెప్పమంటే చాలాసేపు ఆలోచించేవాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టి మధ్యలో ఆపి, ఏం చేస్తున్నాడో మరిచి నిలబడేవాడు. ఒకరోజు వనంలో తన చెట్లు ఏవో ఆయనకే తెలియలేదు. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అన్నం పెడితే ముట్టలేదు. వణుకు చూసినప్పుడు నాకు రాని ఏడుపు ఆ రోజు వచ్చింది.

తర్వాత పిల్లలు కనిపించసాగారు. "నీ సెంటర్ పోరగాండ్లు ఇంటికొచ్చి కూసున్నరే, గుడ్డు పెట్టి తోలియ్యి," అనేవాడు మూలకు చూపిస్తూ. ఎవరూ ఉండేవారు కాదు. నేను కూడా తమాషాగా, "ఇయ్యాల గుడ్ల బండి రాలేదని చెప్పు," అనేదాన్ని. కొన్ని నెలలు అలా నవ్వుతూ గడిచింది.

ఆ పిల్లలు పోయి లాఠీల వాళ్లు వచ్చారు. ఎక్సైజోళ్లు ఇల్లు చుట్టుముట్టారని, కుండలు పగలగొడుతున్నారని అరిచేవాడు. చేతికేది దొరికితే అది విసిరేవాడు. రోకలి విసిరితే టీవీ పగిలింది. చెంబు విసిరితే పక్కింటి ముసలమ్మ నుదురు చిట్లింది. నడవడానికి చెయ్యి పట్టుకోమనే మనిషికి కొట్టేటప్పుడు అంత బలం ఎక్కడి నుంచి వచ్చేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఊరంతా ఒకటే మాట. "కల్లు బంద్ పెట్టించినవ్ గద వదినె, నరాలు గుంజుతున్నయ్. జర కల్లు పొయ్యి, నిమ్మలమైతడు," అన్నాడు మల్లేశ్.

"బంద్ పెట్టి ఏండ్లయితాంది. గిప్పుడు గుంజుతయా నరాలు?" అని తిట్టి పంపాను.

మల్లేశ్ చెడ్డవాడు కాదు, అన్న అంటే ప్రాణం. అందుకే నేను సెంటర్‌లో ఉన్నప్పుడు దుకాణం సీసా తెచ్చి తాగించాడు. నేను వచ్చేసరికి మా ఆయన మత్తుగా పడుకుని ఉన్నాడు. మూలుగు తప్ప మాట లేదు. "సూసినవా, ఎట్ల నిమ్మలమైండో," అన్నాడు మరిది సంతోషంగా. మర్నాడు మత్తు దిగాక మా ఆయన లేవబోయి గడప మీద పడి మొహం పగలగొట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే కత్తి తీశాడు.

వంటింట్లో నేను బియ్యం ఏరుతున్నాను. గుమ్మంలో నిలబడి, ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు నన్ను చూశాడు. చేతిలో గీత కత్తి ఉంది. తాటిగెలను కాగితమంత పలుచగా కోసే కత్తి అది.

"ఎవలు నువ్వు?" అన్నాడు.

"నేను భాగ్యమ్మను. నీ పెండ్లాన్ని."

"నా పెండ్లాం చీర కట్టుకొని వచ్చినవ్. ఆమెనేం జేసినవ్? ఏడ పాతిపెట్టినవ్?"

పరుగెత్తే లోపే జుట్టు పట్టుకున్నాడు. మెడ మీదికి వస్తున్న కత్తికి చెయ్యి అడ్డం పెడితే మోచెయ్యి కింద చీరుకుపోయింది. బియ్యం ఎర్రగా అయ్యాయి. "నా భాగ్యను ఇయ్యి, నా భాగ్యను ఇయ్యి," అని ఏడుస్తూ నా గొంతు పిసుకుతున్నాడు. నా కోసమే నన్ను చంపబోయాడు. నేను పీట ఎత్తి ఆయన భుజం మీద కొట్టాను. అలా కొట్టకపోయి ఉంటే ఈ రాత రాయడానికి నేను మిగిలేదాన్ని కాదు.

అరుపులకు జనం వచ్చి పట్టుకున్నారు. నా చేతికి కుట్లు వేయించడానికి, ఆయన్ని చూపించడానికి ఇద్దరినీ ఒకే ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి డ్యూటీ డాక్టర్ కుర్రవాడు. మల్లేశ్ చెప్పింది విని, "కల్లు కేసా?" అన్నాడు.

"కాదు సార్, పార్కిన్సన్స్ ఉంది. హైదరాబాద్ కాగితాలున్నయ్," అన్నాను.

"ముందు పేషెంట్‌ని కంట్రోల్ చేయనివ్వండమ్మా."

మంచం మీద నలుగురు ఆయన్ని తొక్కిపట్టారు. తొడకు ఇంజెక్షన్ ఇచ్చారు. అరుపు ఆగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తెల్లారేసరికి మా ఆయన కట్టెలా బిగుసుకుపోయాడు. దవడ తెరుచుకోలేదు. నీళ్లు పోస్తే గొంతు దిగక పక్క నుంచి కారిపోయాయి. ఒళ్లు కాలిపోతోంది. కళ్లు మాత్రం తిరుగుతున్నాయి. ఆ కళ్లలో ఉన్న భయం చూసి, ఆయన లోపల అన్నీ తెలుస్తున్నాయని నాకు అర్థమైంది.

శ్రీకాంత్ వచ్చి కేస్ షీట్ ఫోటో తీసి న్యూరాలజిస్ట్‌కు పంపాడు. ఆయన వెంటనే ఫోన్ చేశాడు. "హాలోపెరిడాల్ ఇచ్చారు. అది డోపమైన్‌ని బ్లాక్ చేస్తుంది. అసలే లేనివాళ్లకు ఉన్న కాస్తా ఆపేస్తే ఇలాగే అవుతుంది. ఇంకోసారి ఇస్తే ప్రాణం పోవచ్చు. జ్వరం తగ్గి ప్రయాణానికి ఓర్చుకునే స్థితికి రాగానే తీసుకురండి." అక్కడి డాక్టర్‌తో కూడా మాట్లాడి చెయ్యవలసింది చెప్పాడు. ఆ పేరు నేను మళ్లీ మళ్లీ పలికి నేర్చుకున్నాను. హాలోపెరిడాల్. మా సెంటర్ పిల్లలకు అక్షరాలు నేర్పినంత శ్రద్ధగా నాకు నేను నేర్పుకున్నాను.

జ్వరం దిగింది, గుటక వేయగలిగాడు. ఇంటికి తెచ్చాం. శ్రీకాంత్ కారు మాట్లాడుకుని వస్తానని చౌటుప్పల్ పోయాడు. బిగుతు వదిలేకొద్దీ కోపం తిరిగొచ్చింది. కత్తులన్నీ బీరువాలో పెట్టి తాళంచెవి కొంగుకు ముడేసుకున్నాను. కారు వచ్చే రోజు పొద్దున సెలవు కాగితం ఇచ్చి రావడానికి సెంటర్‌కు పోవలసి వచ్చింది. మల్లేశ్‌ను కాపలా పెట్టి వెళ్లాను.

వచ్చేసరికి వాకిట్లో జనం. మళ్లీ అరుస్తూ మీద పడ్డాడని లోపల మా ఆయన్ని మంచానికి కట్టేశారు. కట్టింది ఆయన మోకుతోనే.

మోకు అంటే మాకు ఏమిటో చెప్పాలి. దాన్ని దాటనిచ్చేవారు కాదు. ఆడవాళ్లం పండుగ నాడు తప్ప ముట్టేవాళ్లం కాదు. కాటమయ్య బోనాల నాడు దేవుడి ముందు పెట్టి పసుపు కుంకుమ పెట్టి, మా మనిషిని జారనియ్యకు అని మొక్కేవాళ్లం. ఆయన చెట్టెక్కిన అన్నేళ్లూ నా మెడలో పుస్తె మిగిలింది ఆ తాడు వల్లనే. ఇప్పుడు అదే ఆయన మణికట్లను, రొమ్మును కలిపి మంచం పట్టెల కిందికి చుట్టి బిగించి ఉంది. గింజుకునేకొద్దీ ముడి ఇంకా బిగిసింది. మణికట్ల తోలు ఊడి నెత్తురు కారుతోంది. పెదవులు నల్లబడ్డాయి. తాడు కింద ఊపిరి ఆడక నోరు తెరుస్తున్నాడు. పక్కన ఊరి ఆర్ఎంపీ సిరంజిలోకి మందు ఎక్కిస్తున్నాడు.

"గదేం మందు?" అన్నాను.

"నిద్రపోతడమ్మా. మొన్న దవాఖానల ఇచ్చిందే. మల్లేశన్న చీటీ సూపెట్టిండు."

"పేరేంది?"

ఆయన సీసా తిప్పి చదివాడు. నేను నేర్చుకున్న పేరే.

వద్దంటే వినే గుంపు కాదు అది. కొంగు ముడి విప్పి బీరువా తీసి గీత కత్తి బయటికి తీశాను. కుట్లు ఉన్న చేత్తోనే పట్టుకున్నాను. జనం గుమ్మం దాకా వెనక్కి జరిగారు. ఆర్ఎంపీ సిరంజి పళ్లెంలో పెట్టేశాడు.

"వదినె, ఏం జేస్తున్నవ్?" అన్నాడు మల్లేశ్. "మోకు అది. కొయ్యొద్దు. అన్నకు మంచిది గాదు."

"మీ అన్న బతికుంటేనే మంచో చెడో," అని రొమ్ము మీది వరుసకు కత్తి పెట్టాను. లావు తాడు, తొందరగా తెగదు. ఒక్కొక్క పురి తెగుతుంటే మల్లేశ్ తల బాదుకుని ఏడ్చాడు. చివరి పురి తెగగానే మా ఆయన పెద్దగా ఊపిరి తీసుకున్నాడు. తీసుకున్న మరుక్షణం నా చెంప మీద గుద్దాడు. పన్ను కదిలింది. నేను కత్తిని కిటికీలోంచి బయటికి విసిరేసి, ఆయన తలను నా ఒడిలోకి లాక్కుని గట్టిగా పట్టుకున్నాను. కారు వచ్చేదాకా దెబ్బలు తింటూ అలాగే కూర్చున్నాను. ఒక్కరూ దగ్గరికి రాలేదు. వాళ్లకు ఆయనకంటే నేనే ఎక్కువ భయం పుట్టించి ఉంటాను.

హైదరాబాద్‌లో అడ్మిట్ చేశారు. యూరిన్ ఇన్ఫెక్షన్ కూడా ఉందని తేలింది. కలవరం పెరగడానికి అది కూడా ఒక కారణమట. వణుకు కోసం వేసే ట్రైహెక్సిఫెనిడిల్ ఈ వయసులో మతిని ఇంకా చెదరగొడుతుందని ఆపేశారు. నిలకడపడ్డాక న్యూరాలజిస్ట్ నన్ను కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు.

"ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ మెదడు కణాల్లో ముద్దలు కడుతుందమ్మా. లూయీ బాడీస్ అంటాం. చాలామందిలో కింద బ్రెయిన్‌స్టెమ్‌లో మొదలవుతుంది. అప్పుడే నిద్ర చెడుతుంది. కొంచెం పైకొస్తే డోపమైన్ తయారుచేసే కణాలు పోతాయి. అప్పుడు వణుకు, బిగుతు. ఏళ్లు గడిచి పైన కార్టెక్స్ దాకా చేరితే ఆలోచన మందగిస్తుంది, లేనివి కనిపిస్తాయి, ఉన్న మనిషిని వేరే మనిషనుకుంటారు. జ్ఞాపకానికి, ధ్యాసకు కావలసిన అసిటైల్‌కోలిన్ కూడా తగ్గిపోతుంది. దీన్ని పార్కిన్సన్స్ డిసీజ్ డిమెన్షియా అంటాం. అందరికీ రాదు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ చాలామందికి వస్తుంది."

"చెట్టెక్కినట్టు కింది నుంచి మీదికి ఎక్కిందన్నమాట సార్," అన్నాను.

"అవునమ్మా. దానికి దిగడం మాత్రం తెలియదు." నా చేతి కుట్ల వైపు చూసి, "కొట్టేది ఆయన కాదు, జబ్బు అనుకోండి," అన్నాడు.

"అనుకుంట సార్. దెబ్బ మాత్రం నాకే తగుల్తాంది గద," అన్నాను. ఆయన నవ్వలేదు, తల ఊపాడు. అందుకే ఆ డాక్టర్ మీద నాకు గురి కుదిరింది.

చిన్న డోసులో క్వెటియాపిన్ ఇచ్చారు, డిమెన్షియాకు రివాస్టిగ్మిన్ మొదలుపెట్టారు. రివాస్టిగ్మిన్‌తో తిన్నదంతా వాంతి చేసుకుని చిక్కిపోయాడు. మాత్ర మార్చి ఒంటికి అంటించే ప్యాచ్ పెట్టారు. లెవోడోపా పెంచితే లాఠీల వాళ్లు వస్తారు, తగ్గిస్తే కాళ్లు కదలవు. ఈ రెండింటి మధ్య సర్దుకోవడానికి చాలాకాలం పట్టింది. మధ్యలో రెండుసార్లు మళ్లీ కొట్టాడు. ఒకసారి వేడి గంజి నా మీద పోశాడు. ఆ మచ్చ ఉంది.

ఇప్పుడు చెయ్యెత్తడం దాదాపు లేదు. పట్టుకుంటే వాకిలి దాకా నడుస్తాడు. లాఠీల వాళ్లు పోయారు, పిల్లలు మాత్రం తిరిగొచ్చారు. వాళ్లు లేరని నేను వాదించను. వాదిస్తే భయపడతాడు. నేను సెంటర్‌కి పోతే పొద్దున పూట మల్లేశ్ కూర్చుంటాడు. మోకు కోసినందుకు చాలాకాలం నాతో మాట్లాడలేదు. తర్వాత ఎవరూ చెప్పకుండానే తెగిన ముక్కలు తీసుకుపోయి కాటమయ్య దగ్గర పెట్టి దండం పెట్టుకుని వచ్చాడు.

చదువుతున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో పార్కిన్సన్స్ మనిషి ఉంటే, ఆయన కలవరపడి కొడుతున్నప్పుడు శాంతపరిచే ఇంజెక్షన్ ఇస్తామని ఎవరైనా వస్తే, చెయ్యి అడ్డం పెట్టి ముందు దాని పేరు అడగండి. పార్కిన్సన్స్ ఉందని చెప్పండి. హాలోపెరిడాల్ అయితే వద్దనండి, మీ న్యూరాలజిస్ట్‌కు ఫోన్ చేయమనండి. గయ్యాళి అంటారు. అననివ్వండి. నన్ను ఊరంతా అన్నారు, ఆయన బతికున్నాడు.

మొన్న జొన్న గట్క తినిపిస్తుంటే నా మొహంలోకి చూసి, "నువ్వు మంచిగనే పెడ్తున్నవ్ గని, జల్ది పో. నా పెండ్లాం వచ్చే యాళ్లయింది," అన్నాడు.

"వస్తే ఏం జేస్తది?"

"అమ్మో, ఆమెతోని పెట్టుకోకు. మోకు కోసిన మనిషి."

నా చేతిలో చెంచా ఆగింది. ఇన్ని రోజుల్లో ఆ సంగతి ఆయన ఒక్కసారీ ఎత్తలేదు. ఎవరూ ఆయన ముందు అనలేదు కూడా.

"ఎందుకు కోసింది?" అని అడిగాను.

కుడిచేతి వేళ్లు ఒకదాన్ని ఒకటి రుద్దుకుంటున్నాయి.

"చెట్టు నడుమ చిక్కుకున్న. అందరు కిందికెల్లి సూస్కుంట నిలవడ్డరు. అదొక్కతే వచ్చి దించింది," అన్నాడు.

ఇంకో చెంచా పెట్టాను. నోరు తెరిచి తిన్నాడు.